పక్షవాత డాక్టరు పరిశోధనను చదవడం ఎట్లా: ఒక లైబ్రేరియన్ పద్ధతి

ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే మూతి ఒక పక్కకు జారినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా ఇది చదవడం ఆపేయండి. 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగే ఆసుపత్రుల్లో ఏది దగ్గరైతే దానికి పొండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసుకోండి, డాక్టర్లు మొదట అడిగేది అదే. ఏ డాక్టరు గొప్ప అనే వెతుకులాట ఆ పూట పనికిరాదు.

మా ఇంట్లో అనుభవించాం కాబట్టి చెబుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారం చేస్తాడు. సంక్రాంతి ముందు, మండీకి సరుకు దండిగా వచ్చే రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఆరు గంటలకు మొహం కడుక్కుంటుంటే ఎడమ చేతిలోని చెంబు జారిపోయింది. వదిన చూసేసరికి మూతి వంకర. బెంగళూరులో ఉన్న కొడుకుకు ఫోన్ చేశారు. వాడు సెల్లులో వెతికి, "నాయనను ఈడికే తీసుకురండి, ఈ డాక్టరుకు ఆరు వేల సైటేషన్లు ఉండాయి" అన్నాడు. ఒకరు రాసిన పరిశోధన పేపరును ఇంకో పేపరు ఉదహరిస్తే అది ఒక సైటేషన్. కారు కోసం, డ్రైవరు కోసం, డబ్బు కోసం గంటన్నర పోయింది. తిరుపతిలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది అప్పుడు. "బెంగళూరు మాట తర్వాత, ముందు దగ్గర్లోకి పొండి" అని అరిచినంత పని చేశాను. స్కానులో రక్తస్రావం లేదని తేలి, ఇంజెక్షన్ పడేసరికి తొమ్మిదిన్నర. మూడున్నర గంటలు.

ఆ మూడున్నర అనే అంకె గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నేను తిరుపతిలో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పాతికేళ్లుగా పనిచేస్తున్నాను. పీజీ విద్యార్థులకు పేపర్లు వెతికి పెట్టడం, పదోన్నతుల ఫైళ్లకు సైటేషన్లు లెక్కపెట్టి ఇవ్వడం నా ఉద్యోగం. అన్న ఇంటికి చేరాక, ఒక ఆదివారం కూర్చుని ఆ ఆరు వేల సైటేషన్లు తెరిచి చూశాను. అందులో చాలా భాగం ఒకే ఒక్క పేపరువి. ప్రపంచ దేశాలన్నిటి జబ్బుల భారాన్ని లెక్కగట్టే పెద్ద అధ్యయనం అది. వందల మంది రచయితల్లో ఆ డాక్టరు గారు ఒకరు. ఆయన ఎక్కడా గొప్పలు చెప్పుకోలేదు, ఆయన తప్పు ఇసుమంత లేదు. మా పిల్లవాడికి ఆ పేజీ చదవడం రాలేదు, అంతే. చదవడం నేర్పితే వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మనిషిని పట్టుకోవాలి

మన తెలుగువాళ్ల విషయంలో అన్నిటికంటే కష్టం ఇదే. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. విదేశీ జర్నళ్లు చివర ఉన్న మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. కాబట్టి పి. వెంకటేశ్వర్లు అనే డాక్టరు ఒక పేపరులో 'వెంకటేశ్వర్లు పి' అవుతాడు. పాస్‌పోర్టులో పేరు తిప్పి రాయించుకున్నాక వచ్చిన పేపరులో ఇంటిపేరు మొత్తం విప్పి, వెనక 'వి' అనే పొడి అక్షరం తగిలిస్తారు. ఇంగ్లీషులో ఒకచోట 'ఎస్' పక్కన 'హెచ్' ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఒకే మనిషి నలుగురైపోతాడు. ఆడవాళ్లకు పెళ్లయ్యాక ఇనీషియల్ మారితే అయిదో మనిషి. తిరుగు కష్టం కూడా ఉంది: మన తిరుపతిలో వీధికి ఇద్దరు శ్రీనివాసులు, ముగ్గురు బాలాజీలు. నలుగురు డాక్టర్ల పేపర్లు ఒకరి ఖాతాలో పడతాయి.

దీనికి మందు ఆర్కిడ్ నంబరు. పరిశోధకులకు ఇచ్చే పదహారు అంకెల గుర్తింపు అది, 2012లో మొదలైంది. పేరు మారినా నంబరు మారదు. డాక్టరుకు ఆ నంబరు ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే పబ్‌మెడ్‌కు పోవాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఉచిత సూచిక అది. పేరును మూడు నాలుగు రకాలుగా రాసి, పక్కన స్ట్రోక్ అనే మాట, ఆ తర్వాత ఊరు పేరో సంస్థ పేరో చేర్చి వెతకండి. ప్రతి పేపరులోనూ రచయిత పేరు కింద అప్పటి సంస్థ ఉంటుంది. ఎక్కడ చదివారు, ఎక్కడ పనిచేశారు అన్న వరుసతో అది పొసగాలి. స్ట్రోక్ పేపర్ల మధ్య ఒక చేపల పెంపకం పేపరు కనబడితే అది ఇంకెవరిదో.

గూగుల్ స్కాలర్ అని పరిశోధన పేపర్లను వెతికే సాధనం ఒకటుంది, అందులోని డాక్టరు ప్రొఫైలు చివర చూడండి, మొదట వద్దు. దాన్ని ఆ పరిశోధకుడే తెరుస్తాడు, కానీ పేపర్లను చాలాసార్లు యంత్రం చేరుస్తుంది. ఇతరుల పేపర్లు కలిసిపోయి, తీసేసే తీరిక లేక వదిలేసినవి నేను చాలా చూశాను. పైగా స్కాలర్ థీసిస్‌లను, అచ్చుకాని ప్రతులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. స్కోపస్ అనే ఇంకో పేపర్ల సూచికలో అదే మనిషికి తక్కువ వస్తుంది. రెండూ తప్పు కావు. కానీ ఒక డాక్టరును స్కాలర్‌లో, ఇంకొకరిని స్కోపస్‌లో చూసి పోల్చకూడదు. ఏ రోజు చూశారో తారీఖు కూడా రాసుకోండి.

అంకెలు ఏం చెబుతాయి

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. లెక్క సులువు: ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో ఆ అంకె. ఒక డాక్టరు పేపర్లకు 45, 30, 12, 9, 6, 5 సైటేషన్లు వచ్చాయనుకోండి. పెద్దదాని నుంచి వరుసగా పేర్చితే అయిదో పేపరుకు ఆరున్నాయి, ఆరో పేపరుకు అయిదే ఉన్నాయి. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. ఇంకొక డాక్టరుకు 900, 4, 3, 2, 1. మొత్తం చూస్తే మొదటాయనకు 107, రెండో ఆయనకు 910. హెచ్-ఇండెక్స్ చూస్తే రెండో ఆయనకు 3. మా పిల్లవాడు చూడాల్సింది కనీసం ఈ తేడా. మొత్తం కొండంత, హెచ్-ఇండెక్స్ పిడికెడంత ఉంటే, ఒకటి రెండు పేపర్లే మోస్తున్నాయని అర్థం.

హెచ్-ఇండెక్స్ వయసుతో పెరుగుతుంది, ఎన్నడూ తగ్గదు. నలభై ఏళ్ల డాక్టరును అరవై ఏళ్ల ఆచార్యుడితో పోల్చి చిన్నబుచ్చకండి. పేపరు పాతదయ్యే కొద్దీ సైటేషన్లు పోగుపడడం సహజం. ఒక్కో పేపరును అదే రంగంలోని తోటి పేపర్లతో పోల్చాలంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్. వాళ్ల ఐసైట్ అనే ఉచిత సాధనం ఉంది. పబ్‌మెడ్ నంబర్లు అందులో వేస్తే ఒక నిష్పత్తి ఇస్తుంది. ఎన్.ఐ.హెచ్. నిధులతో వచ్చిన పేపర్లలో నడిమి పేపరుకు 1 అని దాని కొలత. పక్షవాతం మీద రాసినవాళ్లను గుండె మీద రాసినవాళ్లతో పోల్చే అన్యాయం దీనివల్ల కొంత తగ్గుతుంది.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టరు గురించి ఎక్కువ చెప్పను. అది ఒక పత్రికలోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు, మనిషిది కాదు. దాన్ని పెట్టి మనుషులను తూచవద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చున్న సంపాదకులు, పరిశోధకులు ఒక ప్రకటనే చేశారు.

పేర్ల వరుస

మన శుభలేఖ కింద ఎన్ని పేర్లుంటాయో చూడండి. తాతగారి పేరు, పెదనాన్నల పేర్లు, మేనమామల పేర్లు, చివరికి పిల్లల పేర్లు. అందరూ ఆ ఇంటివాళ్లే, కానీ పెళ్లి పనులు నెత్తిన వేసుకుని చేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వైద్య పేపరు మీద పేర్ల వరుస కూడా అలాంటిదే. మొదటి పేరు పని చేసి రాసినవాళ్లది. చివరి పేరు సాధారణంగా నడిపించిన పెద్దది. ఉత్తరప్రత్యుత్తరాల రచయిత అని గుర్తు పెట్టిన పేరు ఆ పేపరుకు జవాబుదారీ. నడుమ ఉన్నవాళ్లలో రోగులను చేర్చినవాళ్లు, స్కాన్లు చదివినవాళ్లు, గణాంకాలు చేసినవాళ్లు ఉంటారు. ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏం చేశారో చివర్లో విడిగా అచ్చు వేస్తున్నాయి. అది చదవండి.

నేను చేసే పని ఇది: పేపర్ల జాబితా తీసుకుని, ఆ డాక్టరు మొదట గానీ చివర గానీ ఉన్నవాటికి ఎర్ర ఇంకుతో చుక్క పెడతాను. చుక్కల పేపర్లను మాత్రమే విడిగా రాస్తే ఆ మనిషి ఇరవై ఏళ్లుగా ఏ ప్రశ్న వెంటపడ్డాడో కనబడుతుంది. పేపర్లు ఎన్ని అన్నది కాదు నాకు కావాల్సింది, ఆ ప్రశ్న. ఒకరు చిన్న వయసు పక్షవాతం వెంట ఉంటారు. ఇంకొకరు మెదడు లోపలి రక్తనాళాలు సన్నబడడం మీద ఉంటారు, భారతీయుల్లో అది తెల్లవాళ్లలో కంటే ఎక్కువ. మరొకరు బాలింతల్లో మెదడు సిరల్లో గడ్డ కట్టడం మీద ఏళ్లు గడిపి ఉంటారు. బాలింతకు నీళ్లు ఎక్కువ తాగించకూడదు అనే మన పాత అలవాటు వల్ల ఒంట్లో నీరు తగ్గి, రక్తం చిక్కబడే ముప్పు ఉందని చెబుతూ వచ్చింది అలాంటి డాక్టర్లే. ఆ పేపర్లకు అమెరికాలో సైటేషన్లు తక్కువ రావచ్చు. మా కుప్పంలో, పలమనేరులో ప్రసవించే ఆడపిల్లలకు వాటి అవసరం ఎక్కువ.

పేరే లేని పేపరు గురించి కూడా చెప్పాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని తేల్చిన పేపరు 1995 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. 624 మంది రోగులు, మూడు గంటలలోపు చికిత్స. మూడు నెలలకు, వైకల్యం లేకుండా లేదా చాలా తక్కువతో బయటపడే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువైంది. మెదడులో రక్తస్రావం ముప్పు కూడా పెరిగింది: ఇంజెక్షన్ పడనివాళ్లలో 0.6 శాతం, పడినవాళ్లలో 6.4 శాతం. మరుసటి ఏడాదే అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ పేపరు శీర్షిక కింద రచయితగా వ్యక్తి పేరు ఒక్కటీ లేదు. అధ్యయన బృందం పేరు మాత్రమే ఉంది. అందులో పనిచేసిన ఒక డాక్టరు సైటేషన్ల పేజీ మాత్రమే చూస్తే ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద పని కనబడకపోవచ్చు. బృందం సభ్యుల పేర్లు పేపరు చివర అనుబంధంలో ఉంటాయి. పెద్ద ట్రయల్స్, అంటే చికిత్సను రోగుల మీద పరీక్షించే అధ్యయనాల విషయంలో అక్కడిదాకా పోయి వెతకండి.

సైటేషన్ వెనకున్న వాక్యం

ఇక్కడ నిదానంగా చదవమని కోరుతున్నాను. పాతికేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క పనిలో ఉంది.

డాక్టరు పేపర్లలో ఎర్ర చుక్కలున్నవాటి నుంచి మూడు ఎంచుకోండి. స్కాలర్‌లో ఆ పేపరు కింద ఎంతమంది ఉదహరించారో చూపే అంకె ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పేపర్లన్నీ వస్తాయి. వాటిలో పది తెరవండి. ఒక్కోదానిలో మన డాక్టరు పేరు వచ్చిన వాక్యం వెతికి పట్టుకోండి. ఆ వాక్యాన్ని చేత్తో రాసుకోండి. ముప్పై వాక్యాలు రాస్తే ఒక పూట పడుతుంది. ఆ పూట తర్వాత ఆ డాక్టరు గురించి మీకు తెలిసింది ఏ ఇండెక్సూ చెప్పగలిగేది కాదు.

నా నోటుబుక్కులో ఆ వాక్యాలను నాలుగు రకాలుగా విడదీస్తాను. పేర్లు నేను పెట్టుకున్నవే.

మొదటిది దండం. "పక్షవాతం మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి" అని మొదలుపెట్టి, పక్కన అయిదు పేపర్ల నంబర్లు వేస్తారు. గుడి ముందు నుంచి బస్సులో పోతూ చెయ్యి ఎత్తి మొక్కినట్టు. భక్తి ఉంది, దర్శనం లేదు. ఆ అయిదింటినీ తెరిచి చదివారో లేదో ఆ వాక్యం చెప్పదు. ప్రపంచ గణాంకాల పేపర్లకు, సమీక్షా వ్యాసాలకు వేలల్లో పడేవి ఎక్కువగా ఇవే.

రెండోది పునాది. "ఫలానా పేపరు చూపిన కాలపరిమితినే మేము పాటించాం" అన్న వాక్యం. ఆ పేపరు తీసేస్తే ఈ పేపరు కూలిపోతుంది. ఇలాంటివి పదింట్లో రెండున్నా ఆ డాక్టరు పని గట్టిది.

మూడోది పనిముట్టు. పక్షవాత వైద్యంలో వీటి కథలు ముచ్చటగా ఉంటాయి. రోగి కోలుకోవడాన్ని 0 నుంచి 6 దాకా కొలిచే రాంకిన్ స్కేలు అని ఒకటుంది. జాన్ రాంకిన్ అనే డాక్టరు 1957లో, అరవై దాటినవాళ్ల పక్షవాతం గురించి ఒక స్కాట్లండ్ పత్రికలో రాసిన పేపరు దాని మూలం. ఇవాళ దాదాపు ప్రతి పక్షవాత ట్రయల్ ఫలితాన్నీ ఆ కొలతతోనే చెబుతారు. కానీ చాలామంది ఉదహరించేది 1988లో నెదర్లాండ్స్ బృందం ఆ స్కేలును సవరించి పరీక్షించిన పేపరును. ఇంకా చాలామంది పేరు మాత్రం రాసి, ఏ పేపరునూ ఉదహరించరు. రాంకిన్ పేరు రోజూ ప్రతి స్ట్రోక్ వార్డులో పలుకుతారు, ఆయన సైటేషన్ల లెక్కలో అది కనబడదు. ఇంకొకటి టోస్ట్ వర్గీకరణ. పక్షవాతం గుండె నుంచి వచ్చిందా, పెద్ద నాళం నుంచా, చిన్న నాళం నుంచా అని అయిదు రకాలుగా విడదీసే పద్ధతి, 1993లో వచ్చింది. ఒక కొత్త మందును పరీక్షించడానికి చేసుకున్న ఏర్పాటు అది. 1998లో ఫలితం వచ్చింది, మూడు నెలల నాటికి ఆ మందు మేలు చేయలేదు. మందు పోయింది, దానికోసం చేసుకున్న వర్గీకరణను మా పీజీ పిల్లలు ఇవాళ్టికీ కేసు షీట్లలో రాస్తున్నారు.

నాలుగోది తగాదా. 1995 పేపరు మీదే పెద్ద తగాదా నడిచింది. రెండు జట్లలో రోగుల తీవ్రత సమానంగా లేదని కొందరు అభ్యంతరం చెప్పారు. చివరికి బయటి నిపుణుల సంఘం ఒకటి లెక్కలన్నీ మళ్లీ చేసి, మేలు నిజమేనని 2004లో ప్రకటించింది. ఆ అభ్యంతరాలూ సైటేషన్లే, ఆ సమర్థనా సైటేషనే. యంత్రం రెండింటినీ ఒకటి, ఒకటి అని కలుపుకుంటూ పోతుంది. తగాదా చెడ్డదని నేను అనడం లేదు. మంచి పేపరుతోనే పెద్దవాళ్లు తగాదా పడతారు. ఏ తగాదా ఎట్లా ముగిసిందో చూసి రాయాలి, అంతే.

ఈ నాలుగూ అయ్యాక ఒక చిన్న చిట్కా. స్కాలర్‌లో ఉదహరించిన పేపర్ల జాబితా పైన, ఆ జాబితాలోనే వెతికే గడి ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుని 'గైడ్‌లైన్' అని ఇంగ్లీషులో కొట్టండి. ఏ దేశపు వైద్య మార్గదర్శకాల్లోనైనా ఆ పేపరు చేరి ఉంటే బయటపడుతుంది. మార్గదర్శకంలో చేరిన ఒక్క సైటేషన్ క్యాజువాలిటీ దాకా నడిచి వస్తుంది.

ఇప్పుడు ఆ మూడున్నర గంటల దగ్గరికి వస్తాను. 1995 పేపరు చెప్పింది మూడు గంటలు. ఆ లెక్కన మా అన్న ఆలస్యమైపోయాడు. 2008లో యూరప్ నుంచి మూడో ఎకాస్ అధ్యయనం వచ్చింది. 821 మంది రోగులు, మూడు నుంచి నాలుగున్నర గంటల మధ్య అదే ఇంజెక్షన్. మంచిగా కోలుకున్నవాళ్లు 52.4 శాతం, ఇంజెక్షన్ లేనివాళ్లలో 45.2 శాతం. ఏడు శాతం తేడా అంటే చిన్నదిగా వినబడుతుంది. ఆ పేపరు తర్వాతే మార్గదర్శకాలు నాలుగున్నర గంటలకు జరిగాయి. అది రాకపోయి ఉంటే, ఆ ఉదయం తొమ్మిదిన్నరకు, గడియారం చూసి డాక్టరు మా అన్నకు సూది వేయకుండా ఆగిపోయేవారు. పరిశోధన ప్రభావం అంటే ఏమిటి అని పిల్లలు అడిగితే నేను ఇప్పుడు ఇదే చెబుతున్నాను.

ఆ తర్వాత 2015లో నెదర్లాండ్స్ నుంచి ఎంఆర్ క్లీన్ అనే ట్రయల్ వచ్చింది. పెద్ద నాళంలో గడ్డను గొట్టంతో లాగేస్తే, సొంతంగా బతకగలిగినవాళ్లు 19.1 శాతం నుంచి 32.6 శాతానికి పెరిగారు. అదే ఏడాది ఇంకో నాలుగు ట్రయల్స్ అదే మాట చెప్పాయి. ఒక డాక్టరు పేరు ఈ వరసలో ఎక్కడైనా కనబడితే ఆ ఏడాది చుట్టూ ఆయన చేసిన పనిని శ్రద్ధగా చదవండి.

పనిచేయలేదు అని చెప్పిన పేపర్లు

మన దేశపు పక్షవాత పరిశోధనలో నాకు గౌరవం ఎక్కువగా ఉన్నది వీటి మీదే. పక్షవాతానికి మూలకణాల ఇంజెక్షన్ అంటూ ప్రకటనలు చూసి, పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడే కుటుంబాలున్నాయి. 2014లో మన దేశంలో 120 మంది రోగుల మీద పద్ధతిగా చేసిన ట్రయల్ ఫలితం స్ట్రోక్ పత్రికలో వచ్చింది. ఎముక మజ్జ నుంచి తీసిన సొంత కణాలను నరంలోకి ఎక్కించడం భద్రమే, కానీ మేలు కనబడలేదు. ఆ పేపరు ఎన్ని కుటుంబాల పొలాలు నిలబెట్టగలదో ఏ ఇండెక్సూ లెక్కగట్టదు.

2017లో అటెండ్ అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. 14 ఆసుపత్రులు, 1,250 మంది. ఇంటివాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే రోగి త్వరగా కోలుకుంటాడా అన్నది ప్రశ్న. మన ఇళ్లలో రోగిని చూసుకునేది ఇంటివాళ్లే కాబట్టి, అవునని తేలితే ఎంత బాగుండేదో. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు జట్లలోనూ 47 శాతం. తేడా లేదు. 2023లో స్ప్రింట్ ఇండియా: 31 కేంద్రాలు, 12 భాషలు, 4,298 మంది. పక్షవాతం మళ్లీ రాకుండా వీడియోలు, సందేశాలు, పుస్తకం ఇచ్చి చూశారు. తేడా కనబడే సూచన లేక మధ్యలోనే ఆపారు. ఆశించిన జవాబు రాకపోయినా దాచకుండా అచ్చు వేయడం పెద్ద మనసు, పెద్ద క్రమశిక్షణ.

దాచినవి ఎట్లా తెలుస్తాయి? మన దేశంలో ట్రయల్స్ నమోదు పట్టిక 2007 జూలైలో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. సి.టి.ఆర్.ఐ. అని వెతికితే దొరుకుతుంది. డాక్టరు పేరుతో నమోదైన ట్రయల్స్ ఒక పక్క రాయండి, వాటిలో అచ్చయినవి ఇంకో పక్క రాయండి. ఏళ్ల కిందట ముగిసి, అచ్చు కానివి ఉంటే ప్రశ్నార్థకం పెట్టండి. వెంటనే తప్పు పట్టొద్దు, నిధులు ఆగిపోయి ఉండొచ్చు, రోగులు చేరకపోయి ఉండొచ్చు. అలాగే ఏదైనా పేపరు ఉపసంహరించుకున్నారేమో చూడండి, పబ్‌మెడ్‌లో శీర్షిక పైనే గుర్తు ఉంటుంది. తన పేపర్లను తానే ఉదహరించుకున్న లెక్కను స్కోపస్‌లో విడగొట్టవచ్చు. ఒకే ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు తమ పాత పేపరును చెప్పక తప్పదు కాబట్టి కొంత ఉండడం న్యాయమే.

మన ఊరి పత్రికలను తీసి పారేయకండి. తిరుపతిలోనే స్విమ్స్ వైద్య సంస్థ వాళ్లు జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్ నడుపుతున్నారు. చెన్నై వైపు, బెంగళూరు వైపు పోకుండా ఇక్కడే చూపించుకునే రోగుల వివరాలు ఇలాంటి చోటే వస్తాయి. డబ్బు తీసుకుని, ఎవరికీ చూపించకుండా మూడు రోజుల్లో అచ్చు వేసే పత్రికలు వేరు. వాటిని పోల్చుకోవడానికి నేను సంపాదక వర్గంలో ముగ్గురి పేర్లు వెతికి, వాళ్లు నిజంగా ఆ రంగంలో ఉన్నారో లేదో చూస్తాను. పది నిమిషాల పని.

ఒక్క పేజీ

పోయిన నెల న్యూరాలజీ డీఎం చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. సదస్సుకు వస్తున్న ఒక పక్షవాత నిపుణుడిని వేదిక మీద పరిచయం చేయాలి. "మేడం, రెండొందల పేపర్లు, హెచ్-ఇండెక్స్ నలభై అని రాసినాను, ఇంకేం రాయాల?" అంది. ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఎర్ర చుక్కలు పెట్టాం, వాక్యాలు రాశాం. చివరికి తయారైన పేజీలో మొదటి పేరాలో ఆయన ఏ ప్రశ్న వెంట పడ్డారో రాసింది. రెండో పేరాలో ఆ ప్రశ్నకు జవాబిచ్చిన మూడు పేపర్లు, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు. మూడో దానిలో ఆ జవాబును ఎవరు ఎక్కడ వాడుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు. అంకెలు అట్టడుగున ఒకే వరుసలో, ఎక్కడ చూసింది, ఏ తారీఖున చూసింది రాసి పెట్టింది. ఆయన వైద్యం చేసే తీరు గురించి ఆ పేజీలో ఒక్క మాట కూడా రాయించలేదు. పేపర్లలో చేతివాసి కనబడదు. దాన్ని చెప్పగలిగింది రోగులు, తోటి డాక్టర్లు, నర్సులు.

ఆ పేజీ నకలు ఒకటి సంచీలో ఉండగానే చిత్తూరు పోయాను. అన్న మళ్లీ మండీకి పోతున్నాడు. లెక్కలు రాసుకుంటున్నాడు, స్నానం, తిండి, బట్టలు అన్నీ తనే చూసుకుంటాడు. ఎడమ చేత్తో బెల్లం దిమ్మ మాత్రం ఎత్తలేడు. కాగితం చూసి ఇదేందని అడిగితే రాంకిన్ స్కేలు గురించి చెప్పాను: సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, ఒకటి అంటే కాస్త ఇబ్బంది ఉన్నా పనులన్నీ చేయగలరు, రెండు అంటే మునుపటి పనులన్నీ చేయలేరు కానీ సొంత పనులకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

"నాకెంత పడతాది చెల్లీ?" అన్నాడు.

"రెండు, అన్నా."

తక్కెడ వైపు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఎడమ చేతి వేళ్లు ఒకటొకటిగా ముడుస్తూ, "ఒకటికి రావాలంటే దినానికి ఎన్ని తూర్లు చెయ్యాల?" అని అడిగాడు. సోమవారం పొద్దున్నే ఫిజియోథెరపీ ఆయన దగ్గరికి వదిన తీసుకుపోయింది.